వలస అధికారుల చూపులో ఆఫ్రికా: అభిప్రాయాలు రికార్డులై, రికార్డులు వాస్తవాలైన తీరు

సంక్షిప్తంగా: ఆఫ్రికాను పాలించిన యూరప్ అధికారులకు ఆ ఖండం మీద ఒకే అభిప్రాయం ఉండేది కాదు. ఏవగింపు, మెప్పు, జాలి, భయం అన్నీ వారి నివేదికల్లో కనిపిస్తాయి. అభిప్రాయం ఏదైనా, అది పన్ను పట్టీగా, కోర్టుగా, గుర్తింపు కార్డుగా మారినప్పుడు ప్రజల జీవితాలే దానికి తగ్గట్టు మారాల్సి వచ్చింది. నైజీరియా, ఘనా, రువాండా, కెన్యా అనుభవాల ఆధారంగా ఆ క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నేటి నమీబియాలో 1904-1908 మధ్య హెరెరో, నామా ప్రజలపై తమ సైన్యం సాగించిన హత్యాకాండ జాతి నిర్మూలనేనని 2021 మేలో జర్మనీ ప్రభుత్వం అంగీకరించింది. 2022లో అదే దేశం తన మ్యూజియాల్లోని, నేటి నైజీరియాలో ఉన్న పూర్వ బెనిన్ రాజ్యపు కంచు శిల్పాల యాజమాన్య హక్కును నైజీరియాకు బదలాయించింది. అంతకుముందు 2013లో, కెన్యాలో బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా లేచిన మౌమౌ తిరుగుబాటు కాలంలో చిత్రహింసలు అనుభవించిన 5,228 మందికి పరిహారం చెల్లించేందుకు బ్రిటన్ ఒప్పుకుంది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ నాటి అధికారుల ఉత్తరాలు, నివేదికలు మళ్లీ చర్చలోకి వస్తాయి. వాటిని చదివేవారికి మొదట కలిగేది అయోమయమే. ఒక అధికారి ఉత్తర నైజీరియాలోని హౌసా ప్రాంతపు అమీర్లను, అంటే ముస్లిం ప్రభువులను, పుట్టుకతోనే పాలకులని పొగుడుతాడు. అదే అధికారి దక్షిణాదికి వచ్చేసరికి అక్కడి ప్రజలను చిన్నపిల్లలతో పోలుస్తాడు. మరొకరు ఆఫ్రికన్ ఆచారాల మీద ఏళ్ల తరబడి శ్రమించి గ్రంథాలు రాస్తారు, కానీ ఆ ఆచారాలున్న మనుషులకు ఓటు హక్కు ఎందుకన్న దగ్గర ఆగిపోతారు.

వీరు జాత్యహంకారులా, నిపుణులా అని అడిగితే ఈ చిక్కు వీడదు. ఒకే మనిషిలో రెండూ ఉన్న ఉదాహరణలు ఎన్నో దొరుకుతాయి. ఆ అభిప్రాయాలు ఏ పని పరిస్థితుల్లో పుట్టాయి, ఏ దారిలో చట్టాలుగా మారాయి అన్నది పరిశీలిస్తేనే విషయం తేటపడుతుంది.

కొద్దిమంది అధికారులు, కోట్ల జనం

1930ల చివరి నాటికి నైజీరియా జనాభా సుమారు 2 కోట్లు. అక్కడి బ్రిటిష్ పాలనాధికారుల సంఖ్య నాలుగు వందలకు లోపే. తెలుగు జిల్లాల్లో నాటి కలెక్టరు చేతిలో ఉన్నట్టే అక్కడి జిల్లా అధికారి చేతిలోనూ పన్ను, న్యాయం, పోలీసు, రోడ్లు అన్నీ ఉండేవి. కానీ కలెక్టరు వెనక నిలిచిన తహసీల్దారులు, కరణాలు, తరతరాల భూమి లెక్కలు అక్కడ చాలా ప్రాంతాల్లో లేవు. పశ్చిమ ఆఫ్రికాలో అధికారి ఒక విడతలో పద్దెనిమిది నెలల పాటు పనిచేసి సెలవు మీద స్వదేశానికి వెళ్లేవాడు. తిరిగి వచ్చాక అదే జిల్లాకు పంపుతారన్న హామీ ఉండేది కాదు. భాషా పరీక్షలు ఉన్నా, ఒక భాష పట్టుబడేలోగా మరో భాష మాట్లాడే చోటికి బదిలీ అయ్యేది.

ఈ ఖాళీని పూరించినవాడు దుబాసీ, అంటే ఒకరి మాటను మరొకరి భాషలోకి మార్చి చెప్పేవాడు. ఒక భూమి తగాదాలో వాది తన తాతముత్తాతల వరస చెప్పి, ఏ చెట్టు కింద ఏ పెద్దల ముందు ఏ షరతు మీద పొలం ఇచ్చారో గంటసేపు వివరిస్తే, దుబాసీ దాన్ని నాలుగు మాటల్లో తేల్చేవాడు. అధికారి దాన్ని రెండు వాక్యాలుగా రాసుకునేవాడు. ఏడాది తర్వాత వచ్చిన కొత్త అధికారికి జిల్లా నోటు పుస్తకంలో ఆ రెండు వాక్యాలే మిగిలేవి. మొదటి అధికారి ఊహ రెండో అధికారికి సమాచారమయ్యేది, మూడో అధికారి దాన్ని నిర్ధారిత విషయంగా వార్షిక నివేదికలో చేర్చేవాడు. వలస పాలనలోని దురభిప్రాయాల గురించి మాట్లాడేటప్పుడు మనసుల్లోని ద్వేషాన్నే ఎక్కువగా వెతుకుతాం. కాగితం మీద జరిగిన ఈ మార్పు అంతకంటే ఎక్కువ నష్టం చేసిందని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి.

ఎంపిక విధానం ప్రభావం కూడా తక్కువేమీ కాదు. బ్రిటిష్ వలస సర్వీసుకు దశాబ్దాల పాటు అధికారులను ఎంపిక చేసిన రాల్ఫ్ ఫర్స్, పరీక్ష మార్కుల కంటే నడవడికకు, ఆటల్లో రాణింపుకు, నాయకత్వ లక్షణాలుగా తాను భావించినవాటికి ఎక్కువ విలువ ఇచ్చాడు. అలా వచ్చినవారిలో చాలామంది ఖరీదైన బోర్డింగ్ పాఠశాలల్లో చదివి, భూస్వామి, కౌలుదారు, సేవకుడు ఎవరి స్థానంలో వారుండే గ్రామీణ ఇంగ్లండును ఆదర్శంగా భావించినవారు. ఆఫ్రికాలోనూ వారి కళ్లు అలాంటి అంతస్తుల కోసమే వెతికాయి. గుర్రం మీద వచ్చే అమీర్ వారికి అర్థమయ్యాడు. లండన్‌లో న్యాయశాస్త్రం చదివి, లాగోస్‌లోనో కేప్ కోస్టులోనో పత్రిక నడిపే నల్లజాతి వకీలు మాత్రం వారికి మింగుడుపడలేదు. గోల్డ్ కోస్టు (నేటి ఘనా) న్యాయవాది కేస్లీ హేఫోర్డ్ 1903లోనే తమ ప్రాంతపు పాలనా సంప్రదాయాల మీద సవివరమైన గ్రంథం ప్రచురించాడు. అధికారుల భాషలోనే అధికారుల పొరపాట్లను ఎత్తిచూపగలిగిన ఇలాంటివారిని, వీరు తమ ప్రజలకు దూరమైపోయారంటూ పక్కన పెట్టడం రివాజుగా మారింది.

కళ్లతో చూసినా నమ్మనివ్వని సిద్ధాంతం

అధికారి ఓడ ఎక్కకముందే అతని బుర్రలో ఒక సిద్ధాంతం ఉండేది. నైలు నది జన్మస్థానం వెతుకుతూ వెళ్లిన జాన్ హానింగ్ స్పీక్, 1863లో ప్రచురించిన యాత్రా గ్రంథంలో, విక్టోరియా సరస్సు చుట్టూ ఉన్న రాజ్యాల పాలకులు ఇథియోపియా వైపు నుంచి వచ్చిన మరో జాతివారని వాదించాడు. బైబిలులోని నోవహు కొడుకు హామ్ పేరు మీద హామిటిక్ సిద్ధాంతంగా స్థిరపడిన ఈ ఆలోచన సారాంశం ఏమిటంటే, ఆఫ్రికాలో రాజ్యం, రాతి కట్టడం, లోహ శిల్పం లాంటివి ఎక్కడ కనిపించినా వాటిని బయటి నుంచి వచ్చిన, నలుపు తక్కువ ఉన్న జాతివారే తెచ్చి ఉంటారు. ఇందులో ఒక సౌలభ్యం ఉంది. దీనికి విరుద్ధంగా ఏ సాక్ష్యం కనిపించినా, అది కూడా పరాయివారి ఘనత కిందికే చేరిపోతుంది.

నేటి జింబాబ్వే దేశంలోని గ్రేట్ జింబాబ్వే అనే పాత రాతి నగరపు శిథిలాల కథ దీనికి మంచి ఉదాహరణ. 1871లో అక్కడికి చేరిన జర్మన్ యాత్రికుడు కార్ల్ మౌక్, ఒక ద్వారబంధం మీది దూలం నుంచి చిన్న ముక్క కోసి చూశాడు. దాని రంగు, వాసన తన పెన్సిలు చెక్కలాగే ఉన్నాయి కాబట్టి అది దేవదారు అని, దేవదారు అయితే లెబనాన్ నుంచే వచ్చి ఉండాలని, కాబట్టి ఈ కట్టడం బైబిలులోని షీబా రాణిదని తేల్చేశాడు. నిజానికి అది ఆ ప్రాంతంలోనే పెరిగే టాంబోటి అనే చెట్టు కలప. ఆ తర్వాత బ్రిటిష్ వలస వ్యాపారి సెసిల్ రోడ్స్ కంపెనీ ఆ నేలను ఆక్రమించుకుంది. పూర్వం ఇక్కడ పరాయి నాగరికులే ఉండేవారన్న కథ ఆ ఆక్రమణకు చక్కగా అక్కరకొచ్చింది. శిథిలాల సంరక్షణకు 1902లో నియమితుడైన రిచర్డ్ హాల్, స్థానికుల నివాసం వల్ల చేరిన చెత్తగా భావించి అడుగుల లోతు మట్టి పొరలను తవ్వి పారేయించాడు. ఎవరు కట్టారో చెప్పగలిగే ఆధారాలు ఆ పొరల్లోనే ఉండేవి. 1905లో డేవిడ్ రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ శాస్త్రీయంగా పరిశోధించి అది ఆఫ్రికన్ల నిర్మాణమేనని నిర్ధారించారు. అయినా 1965 తర్వాతి రొడీషియా (నేటి జింబాబ్వే) శ్వేతజాతి ప్రభుత్వం ఆ మాట ప్రచారంలోకి రాకుండా పురావస్తు శాస్త్రవేత్తల మీద ఒత్తిడి తెచ్చింది.

1897లో బ్రిటిష్ సేనలు బెనిన్ నగరాన్ని తగలబెట్టి తెచ్చిన ఇత్తడి ఫలకాల విషయంలోనూ మొదటి స్పందన ఇలాగే ఉంది. లండన్ పండితులు పోర్చుగీసు ప్రభావాన్నో, ఈజిప్టు మూలాన్నో వెతికారు. బెర్లిన్ మ్యూజియంలోని ఫెలిక్స్ ఫాన్ లూషాన్ లాంటి కొద్దిమంది మాత్రమే అవి స్థానిక కళాకారుల పనేనని, పోత పనితనంలో యూరప్ మేటి శిల్పుల పనికి తీసిపోవని మొదటి నుంచీ వాదించారు.

మద్రాసు నుంచి సోకోటో దాకా

బ్రిటిష్ ఆఫ్రికా పాలనకు సిద్ధాంతకర్తగా పేరుపడ్డ ఫ్రెడరిక్ లుగార్డ్ 1858లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో పుట్టాడు. సైనికాధికారిగా అతని తొలి అనుభవం కూడా ఇండియా, అఫ్గానిస్తాన్‌లలోనే. 1900లో ఉత్తర నైజీరియా హైకమిషనరు అయ్యాక, అతను రాష్ట్రాల అధిపతులకు రెసిడెంటు అన్న హోదా పెట్టాడు. హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి ఈ హోదా కొత్త కాదు. నిజాం సింహాసనం మీదే ఉంటాడు, దర్బారు సాగుతుంది, కానీ కోఠీలోని రెసిడెంటు ఇచ్చే సలహాను కాదనే వీలు ఉండదు. ఇండియా సంస్థానాల్లో పరీక్షించిన ఈ పద్ధతే ఆఫ్రికాలో పరోక్ష పాలన అయింది.

సైనిక భర్తీలోనూ ఇలాంటి బదిలీ జరిగింది. 1857 తర్వాత ఇండియాలో బలపడిన యుద్ధజాతుల సిద్ధాంతం వల్ల పంజాబీలు, గూర్ఖాలు పుట్టు వీరులయ్యారు. ఈస్టిండియా కంపెనీకి తొలి యుద్ధాలు గెలిచిపెట్టిన మద్రాసు సైన్యంలోని తెలుగు సిపాయిలు పనికిరానివారయ్యారు, వారి భర్తీ క్రమంగా తగ్గిపోయింది. పశ్చిమ ఆఫ్రికాలో హౌసాలు, తూర్పున కంబా, నాండి ప్రజలు ఇదే కొలతతో వీరజాతుల జాబితాలోకి ఎక్కారు. సైన్యంలో ఉద్యోగం ఒక వర్గానికే దక్కడంతో కొన్నేళ్లకు ఆ వర్గంలో సైనిక సంప్రదాయం నిజంగానే ఏర్పడింది. సిద్ధాంతం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంది.

ఉత్తర నైజీరియాలో లుగార్డ్‌కు దొరికింది సోకోటో ఖలీఫా రాజ్యం. 1804లో ఉస్మాన్ దాన్ ఫోదియో ప్రారంభించిన జిహాద్ నుంచి ఏర్పడిన ఈ వ్యవస్థలో అమీర్లు, ఖాజీ న్యాయస్థానాలు, పన్నులు, అరబిక్ లిపిలో దస్తావేజులు ఉండేవి. 1903లో కానో, సోకోటోలను జయించిన తర్వాత లుగార్డ్ ఈ ఏర్పాటును కూలగొట్టకుండా దాని నెత్తిన తన రెసిడెంట్లను కూర్చోబెట్టాడు. ఫులానీ ప్రభువుల్లో అధికారులకు తమ తరగతి ప్రతిబింబం కనిపించింది. వారి మీద గౌరవం కొద్దీ క్రైస్తవ మిషనరీలను ముస్లిం ప్రాంతాల్లోకి పెద్దగా రానివ్వలేదు. ఆ రోజుల్లో ఆధునిక పాఠశాలలు ఎక్కువగా మిషనరీలవే కావడంతో ఉత్తరాది చదువులో వెనకబడింది. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉత్తర, దక్షిణాల మధ్య ఏర్పడిన విద్యా వ్యత్యాసం ఆ తర్వాతి రాజకీయ సంక్షోభాలకు ఒక ముఖ్య కారణమైంది. అంటే మెప్పు కూడా నష్టం చేయగలిగింది.

లుగార్డ్ 1922లో ప్రచురించిన డ్యూయల్ మాండేట్ అనే గ్రంథంలో సగటు ఆఫ్రికన్‌ను సంతోషంగా ఉండే, పొదుపు తెలియని, తొందరగా ఉద్రేకపడే, నిగ్రహం, ముందుచూపు లేని మనిషిగా వర్ణించాడు. ధైర్యం, మర్యాద సహజంగానే ఉన్నాయని కూడా అదే చోట రాశాడు. అందులోని పొగడ్త, తెగడ్త రెండూ ఒకే పని చేస్తున్నాయి. కోట్ల మందిని ఒక స్వభావంగా కుదించి, ఆ స్వభావానికి సంరక్షకుడు అవసరమని చెబుతున్నాయి.

రాజులు లేని చోట రాజుల్ని నియమించడం

ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బో, ఇబిబియో ప్రాంతాల్లో అధికారులు వెతికిన రాజులు ఎక్కువ చోట్ల దొరకలేదు. ఊరి సభ, వంశ పెద్దలు, వయసు ప్రకారం ఏర్పడే బృందాలు, బిరుదు సంఘాలు, పెళ్లై వచ్చిన స్త్రీల సమావేశాలు, మార్కెట్ స్త్రీల కట్టుబాట్లు కలిసి అక్కడి వ్యవహారాలు నడిపేవి. అధికారం ఒకరి చేతిలో లేకపోవడాన్ని అధికారమే లేకపోవడంగా అధికారులు అర్థం చేసుకున్నారు. అందుకని ఊరికో మనిషిని ఎంచి, వారంట్ అనే నియామక పత్రం, హోదాకు గుర్తుగా టోపీ ఇచ్చి, స్థానిక న్యాయస్థానంలో కూర్చోబెట్టారు. వీరే వారంట్ చీఫులు. కొన్ని ఊళ్లు కొత్తగా వచ్చిన తెల్లవారిని నమ్మలేక, అంతగా లెక్కలేని మనుషుల్ని పెద్దలుగా ముందుకు తోశాయి. వారికే పత్రాలు దక్కాయి.

ఈ చీఫులకు ఊరి మద్దతుతో పని లేదు, అధికారి మద్దతు ఉంటే చాలు. లంచాలు, వెట్టి, బలవంతపు పెళ్లిళ్ల మీద ఫిర్యాదులు పెరిగాయి. పైగా 1926లో మగవారి లెక్క తీసి, 1928లో ఆ లెక్క ఆధారంగా వారి మీద తలపన్ను వేశారు. లెక్కించడమంటే పన్ను వేయడమేనని జనానికి అనుభవంతో తెలిసింది. 1929లో పామాయిల్ ధర పడిపోతున్న సమయంలో ఓలోకో అనే ఊళ్లో వారంట్ చీఫ్ ఒకుగో, మళ్లీ వివరాలు సేకరించడానికి ఒక మనిషిని ఇంటింటికీ పంపాడు. నవంబరులో అతను న్వాన్యెరువా అనే స్త్రీ ఇంటి ముంగిట నిలబడి, మేకలు ఎన్ని, గొర్రెలు ఎన్ని, మనుషులు ఎందరని అడిగాడు. పామాయిల్ తీసే పనిలో ఉన్న ఆమె, మీ అమ్మను లెక్కపెట్టారా అని ఎదురు ప్రశ్నించింది. మాట పెరిగి పెనుగులాట జరిగింది. ఆమె నేరుగా సమావేశమై ఉన్న స్త్రీల దగ్గరకు వెళ్లి సంగతి చెప్పింది.

ఆ తర్వాత జరిగింది అధికారుల లెక్కలో అల్లరి మూక పని. ఊరి లెక్కలో మాత్రం దానికో పద్ధతి ఉంది. హద్దు మీరిన మగవాడి ఇంటి ముందు స్త్రీలందరూ చేరి, రాత్రీపగలూ పాటలు పాడుతూ అతని తప్పును ఎండగట్టి, పరిహారం చెల్లించేదాకా కదలకపోవడం ఇగ్బో సమాజంలో గుర్తింపు ఉన్న శిక్ష. ఒకుగో విషయంలో స్త్రీలు అదే చేశారు. అతని టోపీ లాక్కోవాలని పట్టుబట్టారు. పాలనా యంత్రాంగం దిగివచ్చి అతనిపై విచారణ జరిపి రెండేళ్ల జైలుశిక్ష వేసింది. తాటాకుల లాంటి పామ్ ఆకులను కబురుగా పంపుకుంటూ ఉద్యమం ఓవెరీ, కాలబార్ రాష్ట్రాల్లోకి పాకింది. వేల మంది స్త్రీలు స్థానిక న్యాయస్థానాలపై దాడి చేశారు, చాలావాటిని తగలబెట్టారు. డిసెంబరులో సైనికులు, పోలీసులు కాల్పులు జరిపారు. 16వ తేదీన ఒక్క ఓపోబోలోనే ముప్పై మందికి పైగా చనిపోయారు. మొత్తం మరణాలు యాభై దాటాయి.

విచారణ సంఘం ముందు అధికారులు పదే పదే వెలిబుచ్చిన అనుమానం, స్త్రీల వెనక ఏ మగవారు ఉన్నారన్నదే. స్త్రీలకు సొంత సమావేశాలు, సొంత కబుర్ల వ్యవస్థ, శిక్షించే హక్కు ఉన్నాయన్న సంగతి ముప్పై ఏళ్ల పాలన తర్వాత కూడా ఫైళ్లలో లేదు. వెతికింది మగ పెద్దల కోసం కాబట్టి కనిపించింది మగ పెద్దలే. అణచివేత ముగిశాక ప్రభుత్వం మానవశాస్త్ర పరిశోధకులను పంపించింది, జిల్లా అధికారుల చేత వందకు పైగా ఊళ్ల వ్యవస్థల మీద నివేదికలు రాయించింది, వారంట్ చీఫుల పద్ధతిని 1930లలో రద్దు చేసింది. కొత్తగా వచ్చిన న్యాయస్థానాల్లో ఎక్కువ మందికి చోటు దొరికింది, కానీ స్త్రీలకు పూర్వం ఉన్న స్థానం తిరిగి రాలేదు.

బంగారు పీఠం: తెలుసుకున్న తర్వాత

నేటి ఘనాలోని కుమాసీలో 1900 మార్చి 28న గవర్నరు ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ అక్కడి అసాంటే రాజ్య పెద్దలను సమావేశపరిచి, వారి బంగారు పీఠాన్ని తెచ్చి ఇవ్వాలని, సార్వభౌమాధికారానికి ప్రతినిధిగా వచ్చిన తాను దాని మీద ఎందుకు కూర్చోలేదని నిలదీశాడు. అతని దృష్టిలో అది సింహాసనం, ఓడిన రాజు సింహాసనం గెలిచినవాడికి దక్కాలి. అసాంటేలకు అది తమ జాతి ఆత్మ ఉన్న పీఠం. ఒకోంఫో అనోక్యే అనే పూజారి ఆకాశం నుంచి రప్పించాడని నమ్మే ఆ పీఠం మీద అసాంటే రాజు సైతం ఎన్నడూ కూర్చోడు. సభలో ఎవరూ జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు. ఎజిసు రాజమాత యా అసాంటేవా నాయకత్వంలో యుద్ధం మొదలైంది, గవర్నరు కుమాసీ కోటలో చిక్కుకుని జూన్‌లో అతి కష్టం మీద తప్పించుకున్నాడు. చివరికి బ్రిటిష్‌వారే గెలిచారు. యా అసాంటేవాను సీషెల్స్ దీవులకు పంపించారు, ఆమె 1921లో అక్కడే మరణించింది. పీఠం మాత్రం దొరకలేదు.

సరిగ్గా 1921లోనే రోడ్డు పనివాళ్ల తవ్వకంలో దాచిన పీఠం బయటపడింది. కొందరు దాని బంగారు అలంకారాలు దొంగిలించారని తెలిసి అసాంటే అంతటా ఆగ్రహం పెల్లుబికింది. ఈసారి ప్రభుత్వం వద్ద ఆర్.ఎస్. రాట్రే ఉన్నాడు. అసాంటే భాష నేర్చుకున్న అధికారి, ఆ ఏడాది ఏర్పడిన మానవశాస్త్ర విభాగానికి అధిపతి. అతని వివరణ ప్రభుత్వానికి దారి చూపింది. పీఠం మీద తమకే హక్కూ లేదని, ఇకపై అడగబోమని ప్రకటించి, దొంగల విచారణను అసాంటే పెద్దలకే వదిలిపెట్టింది. యుద్ధం రాలేదు. అంతకుముందు తామే ప్రవాసానికి పంపిన అసాంటే రాజు ప్రెంపేను 1924లో తిరిగి రానిచ్చారు, 1935లో అసాంటే సమాఖ్యను పునరుద్ధరించారు.

తెలుసుకుంటే ఎంత తేడా వస్తుందో ఈ రెండు తేదీల మధ్య దూరం చూపిస్తుంది. రాట్రే శ్రద్ధను శంకించాల్సిన పనీ లేదు. అయితే అతని పరిశోధనకు జీతం ఇచ్చింది పాలన, అది అడిగిన ప్రశ్న ఎవరి ద్వారా పాలించడం సులువన్నదే. ఆ ప్రశ్నకు పనికొచ్చేవి రాజులు, పీఠాలు, వంశాలు, ఆచారాలు. కోకో రైతుల సంఘాలు, పట్నాల్లో చదువుకున్న యువకులు, గనుల కార్మికులు అప్పటికే గోల్డ్ కోస్టును మార్చేస్తున్నా, ఆచారాల పుస్తకంలో వారికి చోటు దొరకలేదు.

ఫ్రెంచ్ తీరు

ఫ్రాన్స్ మాటల్లో మాత్రం దారి వేరు. ఫ్రెంచ్ భాష, చట్టం నేర్చుకుంటే ఆఫ్రికన్ కూడా ఫ్రెంచ్ పౌరుడు కావచ్చన్నది దాని వాదన. సెనెగల్‌లోని నాలుగు పట్టణాల వారికి ఆ హక్కు కొంతవరకు దక్కింది. 1914లో బ్లేజ్ జాన్యే పారిస్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆ పట్టణాల పొలిమేర దాటితే ఆండిజెనా అనే ప్రత్యేక శిక్షాస్మృతి అమల్లో ఉండేది. దాని కింద అధికారి విచారణ లేకుండానే జరిమానా, జైలు విధించగలిగేవాడు. అది 1946 వరకు కొనసాగింది. రాజులను నిలబెట్టే బదులు ఫ్రెంచ్‌వారు తమ గుమాస్తాలనో, మాజీ సైనికులనో కాంటన్ (కొన్ని ఊళ్ల సముదాయం) పెద్దలుగా నియమించారు. సిద్ధాంతాలు ఎంత వేరైనా, పన్ను కట్టించే స్థానిక పెద్ద, వెట్టి, దుబాసీ అన్న మూడూ రెండు చోట్లా ఉన్నాయి. ఊరివారికి ఈ రెండు పాలనల మధ్య పెద్ద తేడా కనిపించి ఉండదు.

రువాండా: కార్డు మీద ఎక్కిన జాతి

స్పీక్ సిద్ధాంతం అత్యంత దారుణమైన ఫలితాన్నిచ్చింది రువాండాలో. టుట్సీ, హుటూ, ట్వా అన్న విభజనలు వలస పాలనకు ముందు కూడా ఉన్నాయి, 19వ శతాబ్దం చివర్లో రాజ్య విస్తరణతో అవి బిగుసుకుంటూ వచ్చాయి కూడా. కాబట్టి వీటిని యూరప్‌వారే కల్పించారనడం సరికాదు. కానీ భాష ఒకటే, దేవుళ్లు ఒకరే, కలిసే బతికేవారు. పశుసంపద, రాజాశ్రయం బట్టి కుటుంబాల స్థాయి మారే వీలు ఉండేది. ముందు జర్మన్లు, 1916 తర్వాత బెల్జియన్లు దీన్ని రెండు వేర్వేరు జాతుల వ్యవహారంగా చూశారు. పొడుగు, ముక్కు ఆకారం కొలిచి టుట్సీలు హామిటిక్ పాలకులని నిర్ణయించారు. మద్రాసు మ్యూజియంలో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాది కులాల ముక్కులు కొలిచింది కూడా ఇలాంటి శాస్త్రం పేరు మీదే.

పాత పద్ధతిలో ఒక్కో ప్రాంతానికి భూమి పెద్ద, పచ్చిక పెద్ద, సైన్య పెద్ద వేర్వేరుగా ఉండేవారు. వీరిలో భూమి పెద్ద తరచూ హుటూ అయ్యేవాడు. ఒకరి మీద మరొకరికి మొర పెట్టుకునే దారి రైతుకు ఉండేది. 1926 నుంచి బెల్జియన్లు ఈ మూడింటినీ కలిపి ఒకే పదవి చేసి, దాదాపు అన్నీ టుట్సీలకే ఇచ్చారు. 1931లో మాట వినని రాజు ముసింగాను తొలగించారు. 1933-34 జనగణనతో ప్రతి వ్యక్తి జాతినీ గుర్తింపు కార్డు మీద ముద్రించారు. ఆ తర్వాత స్థాయి మారే దారి మూసుకుపోయింది, జాతి తండ్రి నుంచి బిడ్డకు కాగితం మీద సంక్రమించింది. 1950ల చివర్లో బెల్జియన్ల ఆదరణ హుటూ నాయకుల వైపు మళ్లినా కార్డు మారలేదు. 1962 తర్వాత స్వతంత్ర ప్రభుత్వమూ దాన్ని ఉంచుకుంది. 1994లో టుట్సీలపై సాగిన హత్యాకాండలో, రోడ్ల మీద అడ్డుకట్టలు వేసి నిలబడ్డ హంతకులు అడిగింది ఆ కార్డే. దాదాపు ఎనిమిది లక్షల మంది ప్రాణాలు కోల్పోయారన్నది తరచూ చెప్పే అంచనా. హత్యాకాండకు బాధ్యత దాన్ని ప్రణాళిక వేసి నడిపినవారిదే. వారికి అందివచ్చిన పరికరం మాత్రం అరవై ఏళ్ల కిందటి పాలనా సౌలభ్యం నుంచి వచ్చింది.

ఖాళీ నేల, జబ్బుపడిన మనసు

కెన్యాలో అధికారుల చూపు మొదట పడింది నేల మీద. 1897-1901 మధ్య కరువు, మశూచి, పశువుల్ని తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ వల్ల కికుయు ప్రజలు ఉండే ప్రాంతపు దక్షిణ భాగంలో చాలామంది చనిపోయారు, మిగిలినవారిలో చాలామంది బంధువుల ఊళ్లకు తరలిపోయారు. అప్పుడే రైలు మార్గం వెంబడి వచ్చిన అధికారులకు పొదలు పెరిగిన చేలు కనిపించాయి. దున్నేవారు లేరు కాబట్టి స్వంతదారులు లేరని భావించి, 1902 క్రౌన్ భూముల శాసనం కింద తెల్ల రైతులకు పంచారు. కికుయు పద్ధతిలో గితాకా అనే వంశ భూమి బీడు పడినా వంశానిదే. తిరిగి వచ్చిన కుటుంబాలు తమ నేల మీద కూలీలుగా, అనుమతితో ఉంటున్న కాపురస్తులుగా మారాయి.

అర్ధ శతాబ్దం తర్వాత ఇదే భూమి కోసం మౌమౌ తిరుగుబాటు చెలరేగినప్పుడు, దాన్ని భూమి తగాదాగా కాక మానసిక రుగ్మతగా వర్ణించే ప్రయత్నం జరిగింది. ప్రభుత్వం కోరికపై సైకియాట్రిస్టు జె.సి. కారోథర్స్ 1954లో ఇచ్చిన నివేదిక, సంప్రదాయం నుంచి ఆధునికతకు మారలేక కలత చెందిన మనసుల సమస్యగా దాన్ని వివరించింది. రోగానికి చికిత్స చేస్తారు, ఫిర్యాదుకైతే జవాబు చెప్పాలి. వేలాది మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టి, తిరుగుబాటుకు కట్టుబడి చేసిన ప్రమాణాలు వదిలించడం పేరిట హింసించడానికి ఈ వివరణ మార్గం సుగమం చేసింది. ఆ శిబిరాలకు సంబంధించిన ఫైళ్లను స్వాతంత్ర్యానికి ముందే బ్రిటన్‌కు తరలించి హాన్‌స్లోప్ పార్కులో దాచిన సంగతి 2011లో కోర్టు కేసు సందర్భంగా బయటపడింది. 2013 పరిహారానికి ఆ ఫైళ్లు కూడా ఆధారమయ్యాయి.

జాబితాలను ఎవరెలా వాడుకున్నారు

ఆఫ్రికన్లు ఈ క్రమంలో చూస్తూ ఊరుకున్నవారు కాదు. తెగకు ఒక పెద్ద, పెద్దకు ఒక ఖజానా అన్న నియమం తెలిశాక, ఖజానా కావాలనుకున్న నాయకులు తమ తెగ చరిత్రను తామే రాసి అధికారికి సమర్పించారు. టాంగన్యికాలో (నేటి టాంజానియా ప్రధాన భూభాగం) 1925 తర్వాత గవర్నరు డొనాల్డ్ కామెరాన్ పరోక్ష పాలన తెచ్చినప్పుడు, సుకుమా, న్యాక్యూసా లాంటి పెద్ద తెగలు ఈ రూపంలో గట్టిపడింది అలాగే. మరోవైపు, తర్వాత కెన్యా తొలి అధ్యక్షుడైన జోమో కెన్యాట్టా లండన్‌లో మానవశాస్త్రం చదివి, 1938లో కికుయు జీవితం మీద ప్రచురించిన గ్రంథంలో గితాకా హక్కును అధికారుల పరిభాషలోనే సమర్థించాడు.

స్వాతంత్ర్యం తర్వాత దేశాలు ఈ వారసత్వాన్ని ఒకే తీరుగా పరిష్కరించుకోలేదు. టాంగన్యికా 1963లో చీఫుల అధికారాలను రద్దు చేసింది. స్వాహిలిని జాతీయ భాషగా నిలబెట్టిన టాంజానియా, 1967 తర్వాత జనగణనలో తెగ వివరం అడగడమే మానేసింది. రువాండా 1994 తర్వాత గుర్తింపు కార్డుల నుంచి జాతిని తొలగించింది. నైజీరియాలో మాత్రం ఒక వ్యక్తి ఫలానా ప్రాంతపు మూలవాసి అని స్థానిక ప్రభుత్వాలు ఇచ్చే ధ్రువపత్రం నేటికీ ఉద్యోగాలకు, కాలేజీ సీట్లకు అవసరమవుతోంది. జోస్ నగరంలో 2001 నుంచి పదే పదే జరిగిన ఘర్షణల్లో ఎవరు మూలవాసులు, ఎవరు వలస వచ్చినవారు అన్న వివాదం కీలకం. కెన్యా జనగణనలో తెగల జాబితా ఇప్పటికీ ఉంది, ఎన్నికల పొత్తులు దాని లెక్కల మీదే నడుస్తాయి. రైలు మార్గం కాలం నుంచి అక్కడ స్థిరపడ్డ భారత సంతతివారు తమకూ గుర్తింపు కావాలని కోరితే, 2017 జులైలో ప్రభుత్వం ఆ జాబితాలోనే వారిని 44వ తెగగా చేర్చింది.